వంకర వేళ్ల డాక్టర్

2018 అక్టోబర్ 1న మన దేశంలో గూగుల్ ఓపెన్ చేసినవాళ్లకు ఒక డాక్టర్ గారి డూడుల్ కనిపించింది. ఆ రోజుకి ఆయన పుట్టి సరిగ్గా 100 ఏళ్లు. పేరు గోవిందప్ప వెంకటస్వామి. మధురైలో అరవింద్ కంటి ఆస్పత్రి పెట్టింది ఆయనే. పేషెంట్ల దగ్గర్నుంచి విదేశీ ప్రొఫెసర్ల దాకా అందరికీ ఆయన డాక్టర్ వి.

ఆ డూడుల్ వచ్చినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను, పట్టించుకోలేదు. ఆయన పేరు నా కంట పడింది ఈమధ్యే. కంటి ఫొటో చూసి షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నదో లేదో చెప్పే ఏఐ మీద గూగుల్ వాళ్లు 2016లో ఒక పేపర్ వేశారు. మా మినీ ప్రాజెక్ట్ కోసం అది చదువుతుంటే, ఆ ఫొటోలు ఇచ్చిన ఆస్పత్రుల్లో అరవింద్ పేరు ఉంది. ఇంత డేటా ఉన్న ఆస్పత్రి అంటే ఏ అమెరికా డబ్బుతో కట్టిన కార్పొరేట్ హాస్పిటలో అనుకుని వెతికితే, 11 మంచాలతో మొదలైన ఆస్పత్రి అని తెలిసింది. పెట్టినాయన రిటైరైన గవర్నమెంట్ డాక్టర్. పైగా చేతివేళ్లు వంకరపోయిన మనిషి. ఇక ప్రాజెక్ట్ పక్కన పెట్టి ఆయన గురించే చదువుతూ కూర్చున్నా.

మన తెలంగాణలో పెద్దవాళ్లకి కంటి డాక్టర్ అంటే హైదరాబాద్ సరోజినీదేవి ఆస్పత్రి, అక్కడ పనిచేసి ఊళ్లల్లో వందల కంటి శిబిరాలు పెట్టిన డాక్టర్ పి. శివారెడ్డి గారు గుర్తొస్తారు. డాక్టర్ వి కూడా ఆ తరం మనిషే. ఇద్దరూ చదివింది మద్రాసులోనే, ఇద్దరూ మందుసంచి పట్టుకుని పల్లెలకి పోయినవాళ్లే. నేను డాక్టర్ వి గురించి రాయడానికి కారణం వేరే ఉంది. ఆయన చేసిన పనిలో డాక్టరు ఎంత కనిపిస్తాడో ఇంజినీరు కూడా అంత కనిపిస్తాడు.

ఆయన పుట్టింది 1918లో, తమిళనాడు దక్షిణాన ఎట్టయపురం దగ్గర వడమలాపురం అనే చిన్న ఊళ్లో. పేరు చూస్తేనే మనవాళ్లలా ఉంది కదా. విజయనగర కాలంలోనూ, తర్వాత నాయక రాజుల కాలంలోనూ తెలుగునాడు నుంచి చాలా రైతు కుటుంబాలు ఆ నల్లరేగడి నేలలకి వెళ్లి స్థిరపడ్డాయి. వాళ్లలో చాలామంది ఇప్పటికీ బయట తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. డాక్టర్ వి గారిది అలా తెలుగు మూలాలున్న రైతు ఇల్లు. ఐదుగురు పిల్లల్లో ఆయనే పెద్ద. పొద్దున్నే బర్రెల పని చూసుకుని బడికి నడిచిపోయేవాడట. బళ్లో కాగితం, పెన్సిల్ ఉండేవి కావు. ఏటి ఒడ్డు నుంచి ఇసుక తెచ్చి నేల మీద పరుచుకుని, దాని మీద వేలితో అక్షరాలు దిద్దేవారు. మా నాగల్‌గిద్దలో కూడా పాతతరం వాళ్లు ఇసుకలో ఓనమాలు దిద్దినట్టు చెప్తారు కాబట్టి ఇది చదివినప్పుడు కొత్తగా అనిపించలేదు.

ఆయన పిల్లవాడిగా ఉన్నప్పుడు ఇంట్లో, బంధువుల్లో ముగ్గురు ఆడవాళ్లు కాన్పు సమయంలో చనిపోయారు. ముగ్గురూ వరసకి అక్కచెల్లెళ్లే. ఊళ్లో డాక్టర్ లేడు, దగ్గర్లో ఆస్పత్రి లేదు. ఆ చావులు చూసి డాక్టర్ కావాలని, అదీ కాన్పులు చేసే డాక్టర్ కావాలని గట్టిగా అనుకున్నాడు. కంటి సంగతి అప్పటికి ఆయన ఆలోచనలోనే లేదు.

మధురై అమెరికన్ కాలేజీలో కెమిస్ట్రీ డిగ్రీ 1938లో పూర్తయింది. మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో డాక్టర్ చదువు 1944లో అయింది. 1945లో ఆర్మీ మెడికల్ కోర్‌లో చేరాడు. అప్పటిదాకా అంతా అనుకున్నట్టే నడిచింది.

తర్వాత కీళ్లవాతం వచ్చింది. ముసలితనంలో మోకాళ్లు నొప్పి పుట్టే రకం కాదు ఇది, రుమటాయిడ్ ఆర్థరైటిస్. మన ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన వ్యవస్థే తిరగబడి సొంత కీళ్లను తినేస్తుంది. వేళ్లు, మణికట్లు, మోకాళ్లు అన్నీ వాచిపోయి, మెల్లగా వంకర తిరిగి, అలాగే బిగుసుకుపోతాయి. ఆయనకి చాలా తీవ్రంగా వచ్చింది. 1948లో ఆర్మీ వాళ్లు పంపేశారు. నెలలకి నెలలు మంచం మీదే. లేచి నిలబడలేడు, పెన్ను పట్టుకోలేడు. అప్పటికి ఆయనకి 30 ఏళ్లు. కాన్పులు చేయాలంటే గంటల తరబడి నిలబడాలి, చేతుల్లో బలం ఉండాలి. ఆ దారి మూసుకుపోయింది.

ఇక్కడ చాలా కథల్లో హీరో ఒక్కసారిగా లేచి నిలబడతాడు. ఈయన విషయంలో అలా ఏం జరగలేదు. ఆ జబ్బు ఆయన చనిపోయేదాకా పోలేదు, వేళ్లు మళ్లీ తిన్నగా కాలేదు. ఆయన చేసింది ఒక్కటే, ఆ వేళ్లతో ఏం చేయొచ్చో వెతుక్కున్నాడు. కంటి ఆపరేషన్‌కి బలం అక్కర్లేదు, కుదురు కావాలి. కదలిక మిల్లీమీటర్లలో ఉంటుంది. మద్రాసు ఎగ్మోర్‌లో ప్రభుత్వ కంటి ఆస్పత్రి ఉంది. 1819లో పెట్టారు, ప్రపంచంలోనే అతి పాత కంటి ఆస్పత్రుల్లో ఒకటి. అక్కడ చేరి 1951లో డిప్లొమా, ఆ తర్వాత మాస్టర్స్ చేశాడు. ముందు పెన్ను పట్టడం మళ్లీ నేర్చుకున్నాడు, తర్వాత కత్తి. ఆ వంకర వేళ్ల మధ్య సన్నటి కంటి కత్తిని ఎలా ఇరికించి పట్టుకోవాలో రోజూ ప్రాక్టీస్ చేశాడు. ఆ చేతులతోనే జీవితంలో 1 లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశాడు. కొన్ని రోజుల్లో ఒక్కరోజే 100 దాకా చేసేవాడట.

1956లో మధురై మెడికల్ కాలేజీలో కంటి విభాగానికి హెడ్‌గా వచ్చాడు. పక్కనే ఎర్స్‌కిన్ ఆస్పత్రి, ఇప్పటి రాజాజీ ఆస్పత్రి. అక్కడ 20 ఏళ్లు పనిచేశాడు. ఆ 20 ఏళ్లలో ఆయనకి అర్థమైన సంగతి చాలా సింపుల్: ఆస్పత్రికి వచ్చేవాళ్ల కంటే రానివాళ్లే ఎక్కువ.

ఇక్కడ శుక్లం గురించి కొంచెం చెప్పాలి. మా సైడు దీన్ని మోతిబిందు అంటారు, కండ్లల్ల పొర వచ్చింది అని కూడా అంటారు. నిజానికి అది కంటి మీద వచ్చే పొర కాదు. కంటి లోపల పుట్టుకతో ఉండే లెన్స్ వయసుతో మసకబారిపోవడం. బాత్రూం కిటికీ అద్దం లోంచి చూసినట్టు ఉంటుంది. చివరికి వెలుతురు, చీకటి తప్ప ఏమీ తెలియదు. మందులతో తగ్గదు, ఆపరేషన్ ఒక్కటే దారి. కానీ ఆపరేషన్ చేస్తే చూపు వచ్చేస్తుంది. అంటే మన దేశంలో అప్పట్లో లక్షలమంది గుడ్డితనం నయమయ్యే గుడ్డితనమే. చూపు పోయిన రైతు పొలం పని చేయలేడు, ఆయన్ని చూసుకోడానికి ఇంట్లో ఇంకొకరి పని కూడా పోతుంది. నోరు పెరిగింది, చేతులు తగ్గాయి అన్నట్టు చాలా ఇళ్లల్లో ఆ ముసలివాళ్లను భారంగానే చూసేవారు.

రానివాళ్ల దగ్గరికి తనే పోవాలని డాక్టర్ వి 1960లలో ఊళ్లల్లో కంటి శిబిరాలు మొదలుపెట్టాడు. బడి గదులే ఆపరేషన్ థియేటర్లు అయ్యేవి. 1965లో బ్రిటన్‌కి చెందిన సర్ జాన్ విల్సన్ పరిచయమయ్యాడు. చిన్నప్పుడు స్కూల్ ల్యాబ్‌లో జరిగిన ప్రమాదంలో రెండు కళ్లూ పోయిన మనిషి ఆయన. లోకంలో అంధత్వం తగ్గించడానికే జీవితం పెట్టాడు. ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు, దేశం మొత్తానికి ఒక కార్యక్రమం కావాలని ఢిల్లీ దాకా వెళ్లి అడిగారు. 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం వచ్చింది. అంతకు ముందే, 1973లో, డాక్టర్ వికి పద్మశ్రీ ఇచ్చారు.

అదే 1976లో ఆయన రిటైరయ్యాడు. పద్మశ్రీ ఉంది, పెన్షన్ ఉంది, ఒంట్లో నొప్పులున్నాయి. ఇంట్లో కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. ఆయన మాత్రం గోవెల్ అనే ట్రస్ట్ పెట్టి, మధురైలో ఒక ఇంట్లో 11 మంచాలతో ఆస్పత్రి మొదలుపెట్టాడు. ఆరు మంచాలు డబ్బు ఇవ్వలేనివాళ్లకి, ఐదు ఇవ్వగలిగినవాళ్లకి. బ్యాంకులు అప్పు ఇవ్వలేదు. ఇల్లు తాకట్టు పెట్టారు, ఇంట్లో ఆడవాళ్ల నగలు కూడా తాకట్టుకి పోయాయి. పాండిచ్చేరి అరవిందుల మీద ఆయనకి ఎంతో గురి, అందుకే ఆ పేరు పెట్టాడు.

స్టాఫ్ ఎవరంటే ఇంటివాళ్లే. చెల్లెలు నాచియార్, ఆమె భర్త నంపెరుమాళ్‌సామి ఇద్దరూ కంటి డాక్టర్లు. తమ్ముడు శ్రీనివాసన్ లెక్కలు, కట్టడాలు చూసుకున్నాడు. తర్వాత మిగతా తమ్ముళ్లు, చెల్లెళ్లు, మరదళ్లు, మేనల్లుళ్లు ఒక్కొక్కరూ వచ్చి చేరారు. డాక్టర్ వి పెళ్లి చేసుకోలేదు. ఇంటికి పెద్దకొడుకుగా తమ్ముళ్లని, చెల్లెళ్లని చదివించింది ఆయనే, కాబట్టి అన్న మాట అంటే మాటే. జీతాలు తక్కువ, పని గంటలు ఎక్కువ, సెలవులు దాదాపు లేవు. బయట ప్రైవేట్ ప్రాక్టీస్ పెట్టుకుంటే ఎన్నో రెట్లు సంపాదించగల డాక్టర్లు వాళ్లు. ఆయన చాలా కఠినమైన మనిషని చదివితే తెలుస్తుంది. మనం గొప్పగా చెప్పుకునే ఈ కథలో ఆ ఇంటివాళ్లు ఇచ్చిన వయసు, వదులుకున్న సుఖాలు కూడా ఉన్నాయి. డూడుల్‌లో వాళ్లు కనపడరు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఉచితంగా చేస్తూ పోతే ఆస్పత్రి ఎన్నాళ్లు నడుస్తుంది? డొనేషన్ల మీద నడపడం ఆయనకి ఇష్టం లేదు. డబ్బు ఇచ్చేవాళ్ల దగ్గర బయట రేటు కంటే తక్కువే తీసుకున్నా, అందులో మిగిలే దానితోనే ఉచిత ఆపరేషన్లు చేయాలి అనుకున్నాడు. దీనికి ఒక్కటే మార్గం, ఒక్కో ఆపరేషన్‌కి అయ్యే ఖర్చు బాగా తగ్గాలి. అన్నిటికంటే ఖరీదైనది, దొరకనిది సర్జన్ టైమ్. మన భాషలో చెప్పాలంటే సర్జనే బాటిల్‌నెక్.

అమెరికా వెళ్లినప్పుడు ఆయన మెక్‌డొనాల్డ్స్ చూశాడు. బర్గర్ కోసం కాదు, ఏ ఊళ్లో ఏ కుర్రాడు చేసినా అదే బర్గర్ అదే టైమ్‌కి ఎలా వస్తుందో చూడ్డానికి. వాళ్ల ట్రైనింగ్ సెంటర్‌కి కూడా వెళ్లాడు. బర్గర్ అలా చేయగలిగితే కంటి ఆపరేషన్ ఎందుకు చేయలేం అన్నది ఆయన ఆలోచన.

మధురైలో ఏర్పాటు ఇలా చేశారు. థియేటర్‌లో ఒక సర్జన్‌కి రెండు టేబుళ్లు, మధ్యలో అటూ ఇటూ తిరిగే మైక్రోస్కోప్. ఒక టేబుల్ మీద ఆపరేషన్ జరుగుతుండగానే రెండో టేబుల్ మీద తర్వాతి పేషెంట్‌ని నర్సులు రెడీ చేసేస్తారు. మొదటిది అయిపోగానే సర్జన్ ఇటు తిరుగుతాడు. ఇది చదువుతుంటే నాకు కంప్యూటర్ ఆర్గనైజేషన్ క్లాస్‌లో చెప్పిన పైప్‌లైనింగ్ గుర్తొచ్చింది. ఒక ఇన్‌స్ట్రక్షన్ ఎగ్జిక్యూట్ అవుతుండగా తర్వాతిది ఫెచ్ అవుతుంది, ప్రాసెసర్ ఖాళీగా కూర్చోదు. ఇక్కడ సర్జన్ ఖాళీగా కూర్చోడు. మన దేశంలో మామూలుగా ఒక కంటి సర్జన్ ఏడాదికి 400 దాకా శుక్లం ఆపరేషన్లు చేస్తే, అరవింద్ సర్జన్ సగటున 2000 చేస్తాడు.

స్పీడ్ పెంచితే క్వాలిటీ పోతుందని మనకి అనుమానం వస్తుంది. అరవింద్ ఫలితాలను బ్రిటన్ ఆస్పత్రుల లెక్కలతో పోల్చి చూశారు, తీసిపోలేదు. రోజూ అదే పని వందలసార్లు చేసే చెయ్యి తప్పు తక్కువ చేస్తుంది. ఇంకో కారణం ఆ నర్సులు. ప్లస్ టూ అయిన పల్లెటూరి ఆడపిల్లల్ని తీసుకుని, రెండేళ్లు ట్రైనింగ్ ఇచ్చి, చూపు పరీక్ష దగ్గర్నుంచి థియేటర్ పని దాకా నేర్పిస్తారు. డాక్టరే చేయాల్సిన పని తప్ప మిగతాదంతా వాళ్లదే. అరవింద్ స్టాఫ్‌లో ఎక్కువమంది ఈ అమ్మాయిలే. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1993లో దీన్నంతా ఒక కేస్‌గా రాసింది, ఎంబీఏ వాళ్లు ఇప్పటికీ చదువుతారు.

ఆయన ఇంకో సంగతి కనిపెట్టాడు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఉచితం అన్నది నిజంగా ఉచితం కాదు. ఇది మా ఇంట్లో నేను చూశాను. మా నాగల్‌గిద్ద కర్ణాటక బార్డర్. మాకు హైదరాబాద్ కంటే బీదర్ దగ్గర. మా నాయనమ్మకి రెండు కళ్లల్లో మోతిబిందు ఉందని శిబిరంలో చెప్పారు, ఆపరేషన్‌కి పైసా అక్కర్లేదని కూడా చెప్పారు. అయినా రెండేళ్లు పోలేదు. బస్సు చార్జీలు ఎవరు పెట్టాలి, తోడు ఎవరు రావాలి, తోడు వచ్చినవాళ్ల కూలి ఎవరిస్తారు, పత్తి ఏరే రోజుల్లో ఇంట్లో వంట ఎవరు చేస్తారు, బర్రెకి గడ్డి ఎవరు వేస్తారు. ఇక ఈ వయసులో చూపు వచ్చి ఏం చేయాలి అని చివరి మాట. బయటినుంచి చూసేవాళ్లకి ఇది మూఢనమ్మకం, భయం అనిపిస్తుంది. దగ్గర్నుంచి చూస్తే అది లెక్క. ఆమె లెక్క ఆమెకి కరెక్టే.

అరవింద్ వాళ్లు ఆ లెక్కనే మార్చారు. శిబిరంలో శుక్లం ఉందని తేలినవాళ్లని అదే రోజు అదే బస్సులో మధురై తీసుకుపోతారు. తిండి, పడక, ఆపరేషన్, మందులు అన్నీ వాళ్లవే, మళ్లీ బస్సులో ఊళ్లో దింపుతారు. ఊరివాళ్లు పదిమంది కలిసి పోతారు కాబట్టి ఇంటినుంచి తోడు అక్కర్లేదు, భయం కూడా ఉండదు. శిబిరానికి కావాల్సిన ఏర్పాట్లు ఆ ప్రాంతపు సంఘాలు చూసుకుంటాయి. ఇంకో ముఖ్యమైన రూల్, నువ్వు పేదవాడివని రుజువు చూపించమని ఎవరూ అడగరు. ఏ కౌంటర్‌కి పోవాలో పేషెంట్ ఇష్టం. డబ్బు కట్టినవాళ్లకి ఏసీ గది, మంచి మంచం ఉంటాయి. లోపల ఆపరేషన్ చేసే డాక్టర్లు మాత్రం రెండు వైపులా వాళ్లే.

1980లలో ఇంకో చిక్కు వచ్చింది. పాత పద్ధతిలో మసకబారిన లెన్స్ తీసేసి, సీసా అడుగులంత మందం కళ్లద్దాలు ఇచ్చేవారు. అవి పగిలినా పోయినా మళ్లీ గుడ్డితనమే. అప్పటికే పాశ్చాత్య దేశాల్లో కంటి లోపలే చిన్న ప్లాస్టిక్ లెన్స్ పెడుతున్నారు. కానీ ఒక్కో లెన్స్ ధర దాదాపు 100 డాలర్లు. డబ్బున్నవాళ్లకి లెన్స్, లేనివాళ్లకి సోడాబుడ్డి అద్దాలు, ఇలా రెండు రకాలుగా చేయడం డాక్టర్ వికి నచ్చలేదు. పేద దేశాల్లో ఇంత సున్నితమైన వస్తువు తయారు కాదని చాలామంది నిపుణులు అన్నారు. 1992లో మధురైలో ఆరోల్యాబ్ పెట్టారు. డేవిడ్ గ్రీన్ అనే అమెరికన్ దానికి చాలా సాయం చేశాడు. లెన్స్ ధర 10 డాలర్ల దగ్గరికి, తర్వాత ఇంకా కిందికి వచ్చింది. ఇప్పుడు ఆ లెన్సులు 100కు పైగా దేశాలకి పోతున్నాయి. మన దగ్గర ఏ శిబిరంలో ఆపరేషన్ అయినా లెన్స్ పెట్టడం మామూలు సంగతి అయిపోయిందంటే అందులో ఆరోల్యాబ్ వాటా ఉంది.

మన బ్రాంచ్ వాళ్ల కోసం ఇంకో చిన్న ముక్క. మశూచి నిర్మూలనలో పనిచేసిన డాక్టర్ లారీ బ్రిలియంట్, ఆయన మిత్రులు 1978లో అమెరికాలో సేవా ఫౌండేషన్ పెట్టారు. అరవింద్‌కి అది మొదట్నుంచీ తోడు. ఆ ఫౌండేషన్‌కి తొలి రోజుల్లో డబ్బు ఇచ్చినవాళ్లలో స్టీవ్ జాబ్స్ ఒకడు.

11 మంచాలు 30 అయ్యాయి, ఆ తర్వాత వందలు అయ్యాయి. థేని, తిరునెల్వేలి, కోయంబత్తూరు, పాండిచ్చేరిలో ఆస్పత్రులు వచ్చాయి. డాక్టర్ వి వయసు మీదపడి ఆపరేషన్లు మానేశాక కూడా రోజూ పొద్దున్నే ఆస్పత్రికి వచ్చేవాడు. వార్డుల్లో తిరిగేవాడు, డైరీ రాసుకునేవాడు. 2006 జులై 7న మధురైలోనే చనిపోయాడు. 87 ఏళ్లు. ఆ ఏడాది అరవింద్‌లో 2.5 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. సగానికి పైగా ఉచితం, లేదా చాలా తక్కువ ధరకి. నేను అప్పటికి ఇంకా పుట్టలేదు.

మన రాష్ట్రంలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలుపెట్టారు. ఊళ్లల్లోకే వచ్చి పరీక్షలు చేసి, అద్దాలు ఇచ్చారు. మా మండలంలో కూడా చాలామంది ముసలివాళ్లు జీవితంలో మొదటిసారి కంటి పరీక్ష చేయించుకుంది అప్పుడే. పరీక్ష ఊళ్లోకి వచ్చింది, బాగుంది. పరీక్షకీ ఆపరేషన్ టేబుల్‌కీ మధ్య ఉన్న ఆ బస్సు, ఆ తోడు, ఆ కూలి సంగతి మాత్రం చాలా ఇళ్లల్లో ఇంకా అలాగే ఉంది.

హ్యాకథాన్‌లో హెల్త్ థీమ్ వచ్చిన ప్రతిసారీ మనం ముందు యాప్ అంటాం, తర్వాత ఏఐ అంటాం. ఏఐ చెడ్డదని నేను అనను, నా ప్రాజెక్టే దాని మీద. కానీ డాక్టర్ వి కథ చదివాక ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ రాసే ముందు ఒక పేషెంట్ ఇంటినుంచి ఆస్పత్రి దాకా నడిచి చూడాలి అనిపిస్తోంది. ఎక్కడ ఆగిపోతున్నారో అక్కడే పని ఉంది. చాలాసార్లు అది కోడ్ రాయాల్సిన చోటు కాకపోవచ్చు, బస్సు పెట్టాల్సిన చోటు కావచ్చు.

మా నాయనమ్మకి పోయినేడు ఒక కన్ను ఆపరేషన్ అయింది. రెండోది మిగిలింది. ఈసారి పత్తి పనులు మొదలయ్యేలోపే తోడుగా నేనే పోదామని డేట్ చూసుకున్నా. మీరు కూడా దసరాకి ఇంటికి పోయినప్పుడు తాతనో అమ్మమ్మనో వాకిట్లో కూర్చోబెట్టి, పదడుగుల దూరం నుంచి వేళ్లు చూపించి ఎన్నో చెప్పమనండి. ఒక కన్ను మూయించి ఒకసారి, ఇంకో కన్ను మూయించి ఒకసారి. ఐదు నిమిషాల పని. చెప్పలేకపోతే మాత్రం, చెప్పి ఊరుకోకండి, వెంట పోండి.